తారు దిగని లారీ

వెనక నుంచి హారను మళ్ళీ మోగింది. ఈసారి ఆగలేదు, మోగుతూనే ఉంది.

ట్రైలరులో వడ్ల బస్తాల మీద కూర్చున్న సీతారావమ్మ, పక్కనున్న చెల్లెలు బుల్లెమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. పోతనాళ వైపు నుంచి దుమ్ము లేపుకుంటూ లారీ వచ్చేస్తోంది. ట్రాక్టరు తోలుతున్న మొగుడికి వినపడాలని గొంతు చించుకుని అరిచింది.

“మావా! లారీ వస్తంది! పక్కకు తియ్యి!”

“ఎక్కడికే తీసేది? కనపట్టం లేదా నీకు?” అన్నాడు చెంచయ్య తల తిప్పకుండా.

అతను చెప్పిందీ నిజమే. తారు ఒక్క బండికి సరిపోయేంత వెడల్పు. అటూ ఇటూ నల్లరేగడి. కాలువ ఊటకు నాని మెత్తగా ఉంది. పొద్దున్నుంచి లారీ వచ్చినప్పుడల్లా చెంచయ్య తారు దిగుతూనే ఉన్నాడు, చేతులు జోడించి మళ్ళీ ఎక్కుతూనే ఉన్నాడు. కాని ఇక్కడ రోడ్డు కాలువ వంతెన మీదికి పల్లంగా దిగుతుంది. బరువు బండి ఒక చక్రం దించిందంటే ట్రైలరు తలకిందులే. వంతెన దాటితే గాని పక్కకు తీసే చోటు లేదు.

రోడ్డు సర్కారుదంటారు. అననివ్వండి, అనడానికేం పోయింది! కోతల రోజుల్లో పోతనాళ నుంచి సిరవార పోయే రోడ్డు అచ్చంగా మిల్లు లారీలదే. మిల్లు గేటు దగ్గరకు ముందెవడు చేరితే వాడి సరుకు ముందు దిగుతుంది, వాడే మళ్ళీ లోడుకు పోతాడు. వెనకబడ్డవాడు వరసలో పడిగాపులు కాయాలి, ఆపైన యజమాని చేత తిట్లు తినాలి. అందుకని నిద్ర లేని డ్రైవర్లు ఒకరి మీద ఒకరు పోటీపడి, కళ్ళు మూసుకున్నవాళ్ళలా తోలుతారు. ఎదురొచ్చినవాడు దిగాలి, ముందున్నవాడూ దిగాలి. మోటారు సైకిలు మీద పోయే బడిపంతులు తుమ్మకంపలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలువ ఇంజనీరు గారి జీపుకు పక్క అద్దం ఎగిరిపోయింది. ఆయనంతటివాడే ముఖం తుడుచుకుని తారు దిగి నిలబడ్డాడు తప్ప, లారీవాణ్ణి ఒక్క మాట అనలేదు. బస్సువాళ్ళు కూడా హారను విని దారి ఇస్తారు. ఈ లారీలు తారు దిగగా చూసినవాడు మాత్రం ఆ తాలూకాలో లేడు.

“అక్కా, ఆడేదో అంటన్నాడే,” అంది బుల్లెమ్మ.

పిల్లకు పద్దెనిమిదేళ్ళు కూడా సరిగా నిండలేదు. కోతలకు సాయం చేద్దామని కైకలూరు దగ్గరి పల్లె నుంచి అక్క ఇంటికి వచ్చింది. పొద్దున బయల్దేరేటప్పుడు, “సిరవారలో సోడా తాగించకపోతే నేను బండి దిగను బావా, బస్తాలతో పాటు నన్నూ అమ్మేసుకో,” అని చెంచయ్యను ఏడిపించింది. ఇప్పుడు అక్క భుజాన్ని పట్టుకుని కూర్చుంది.

లారీ డ్రైవరు సగం ఒళ్ళు కిటికీ బయటికి పెట్టి చెయ్యి విసురుతున్నాడు. ట్రాక్టరు మోతలో, హారను మోతలో అతని అరుపు ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. చెంచయ్య అప్పుడు వెనక్కి చూశాడు. డ్రైవరు నోరు చూశాడు, విసురుతున్న చెయ్యి చూశాడు. చెవులు రిక్కించాడు. వంతెన ఇంకా నాలుగు బారలుందనగా బలం కొద్దీ బ్రేకు తొక్కాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో సీతారావమ్మకు వరసగా గుర్తు లేదు. బస్తాలు లేచాయి. ఆకాశం పక్కకు వచ్చింది. కాలువ నీళ్ళ చప్పుడు మటుకు మామూలుగా వినపడుతూనే ఉంది. పగిలిన బస్తాల వడ్లు చేతులతో తోసి తోసి చూస్తే, అడుగున చెల్లెలి జడ కనపడింది.

బుల్లెమ్మ ప్రాణం ఆ వంతెన దగ్గరే పోయింది.

చెంచయ్యకు చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని, ఆంధ్రా నుంచి వలస వచ్చిన రైతులు కాలువ కింద వేసుకున్న క్యాంపుకు వచ్చి నులకమంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎవరు వచ్చి పలకరించినా ఒకటే మాట.

“ఆడే వెయ్యమన్నాడండీ. బ్రేక్ ఇల్లా, బ్రేక్ ఇల్లా అని అరిచాడు. చెయ్యి కూడా ఊపాడు. నా చెవులారా విన్నా. అందుకే వేశా.”

వినేవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెనక గుద్దడానికి వస్తున్నవాడు ముందువాణ్ణి బ్రేకు వెయ్యమంటాడా? మతి చలించిందని కొందరన్నారు. తప్పు కప్పుకోడానికి కథ అల్లుతున్నాడని మరికొందరు అన్నారు.

క్యాంపుకు పెద్ద యలమందయ్య. నరసరావుపేట పక్క నుంచి అందరికంటే ముందొచ్చి ముళ్ళకంప కొట్టి పొలం చేసినవాడు. మనిషి చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆయన మంచం పక్కన కూర్చుని మెల్లగా నచ్చచెప్పాడు.

“ఒరే అబ్బాయ్, ‘ఇలా’ను ‘ఇల్లా’ అనేది మీ కైకలూరోళ్ళురా. మావైపు మేమే ‘ఇట్టా’ అంటాం. ఆ డ్రైవరు తిమ్మన్నది లింగసుగూరు పక్క పల్లె, ఇంట్లో కన్నడమే. వాడు పనిగట్టుకుని మీ కైకలూరు తెలుగులో అరుస్తాడంట్రా? నలుగురిలో అనబాకు, నవ్విపోతారు.”

“విన్నా బాబాయ్, ఒట్టు!” అన్నాడు చెంచయ్య.

“రేపు ఇనస్పెట్రు వస్తాడు. తెలియక వేశా, నాదే పొరపాటని చెప్పు. మిగతాది సావుకారు చూసుకుంటానన్నాడు. మనం పరాయి రాజ్యంలో ఉన్నాం. ఇది మైసూరు సర్కారు. మన వడ్లు కొనే మిల్లు ఇంకోటి లేదు. కళ్ళంలో ధాన్యం పెట్టుకుని ఆయనతో తగువేసుకుంటే ఎట్టా బతుకుతాం?”

సావుకారంటే మిల్లు బసవలింగప్ప. లారీ ఆయనదే. పరామర్శకు వచ్చి అరుగు మీద కూర్చుని ఆయన చెప్పిందీ ఇదే. “నా బండికి బ్రేకు పక్కా ఉన్నదయ్య. నడిరోడ్ల గట్ల బ్రేకు కొడితె వెనకున్నోడు ఏం జేస్తడు? పాపం, మీ పిల్ల పోయింది. ఆ మాట నాకు కడుపుల కలుక్కుమంటది. గని బండిని అంటే ఎట్ల?”

సీతారావమ్మ గుమ్మంలో నిలబడి అన్నీ వింది. ఆమెకు బసవలింగప్ప మీద కోపం రాలేదు. వచ్చిన కోపమంతా మొగుడి మీదే. ఆయన కాలు బ్రేకు మీద పడడం ఆమె కళ్ళారా చూసింది. తొక్కకుండా ఉంటే వంతెన దాటిపోయేవాళ్ళం, నా చెల్లెలు బతికేది, అని ఆమెకు తెలుసు. నా చెల్లెల్ని పొట్టనపెట్టుకున్నాడు, పైగా కథలు చెబుతున్నాడు, అనుకునేది. అన్నం కంచం మంచం దగ్గర పెట్టి మాట లేకుండా వెళ్ళిపోయేది.

కోపం కంటే ముందు భయం. రోడ్డు మీద ఎక్కడ హారను మోగినా ఆమె చేతిలో ఉన్నది జారిపోయేది. క్యాంపు నుంచి రోడ్డు ఎంత దూరమో ఆమెకు బాగా తెలుసు, లారీ ఇంట్లోకి రాదనీ తెలుసు, అయినా గుంజను వాటేసుకుని కళ్ళు మూసుకునేది.

యలమందయ్య వచ్చి చెప్పి వెళ్ళిన ఆ మధ్యాహ్నం, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేట్టుందని కళ్ళానికి వెళ్ళింది. క్యాంపు అందరి కళ్ళాలూ కాలువ కట్ట పక్కన మెరక మీద ఉన్నాయి. యలమందయ్య వడ్లు కూలీలు బస్తాలకు ఎత్తుతున్నారు. రాయచూరు నుంచి కూలికి వచ్చిన కరియమ్మ చేటతో తాలు ఎగరేస్తోంది. గోనెలు అయిపోయాయి. కరియమ్మ చేట దించి, కట్ట కింద ఎడ్లబండి దగ్గరున్న మనిషిని కేకేసింది.

“ఏయ్! చీల ఐతేనో?”

గాలి అటు నుంచి వీస్తోంది. బండి దగ్గరి మనిషి చెయ్యి అడ్డంగా విసిరి గట్టిగా అరిచాడు.

“ఇల్ల! ఇల్ల!”

సీతారావమ్మ చేతిలోని పురికొస కింద పడింది.

“గదేందక్కా, గట్ల నిలవడ్డవ్?” అంది కరియమ్మ.

“ఆయన ఏవన్నాడు?”

“సంచులు లేవంటున్నడు. ఇల్ల అంటె లేదని గద. నీకు తెల్వదా? దినాం వింటనే ఉంటవు.”

తెలుసు. ఎందుకు తెలియదు! ఈ దేశం వచ్చిన వారంలోనే నేర్చుకున్న మాట అది. సంతలో ఉప్పు లేకపోతే ఇల్ల, బస్సు రాకపోతే ఇల్ల. చెంచయ్యకూ తెలుసు. కాని పీకల మీదికి లారీ వస్తున్నప్పుడు మనిషి చెవికి నేర్చుకున్న భాష అందదు, అమ్మ నేర్పిన మాటే అందుతుంది. అరిచేవాడు తన భాషలో అరిచాడు, వినేవాడు తన భాషలో విన్నాడు.

“కరియమ్మా, బ్రేక్ ఇల్ల అంటే?”

“బ్రేకు లేదని...” అంటూనే కరియమ్మ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో శివనే! గదా మీ ఆయన చెప్పేది?”

సీతారావమ్మ ఇంటికి పరుగెత్తింది. చెంచయ్య గోడ వైపే తిరిగి ఉన్నాడు.

“మావా!”

చెల్లెలు పోయాక మొగుణ్ణి ఆమె పిలవడం అదే మొదలు. అతను ఉలిక్కిపడి లేచాడు.

“ఆడేవన్నాడు? మళ్ళీ చెప్పు.”

“చెప్పా గదే. బ్రేక్ ఇల్లా, బ్రేక్ ఇల్లా అని...”

“ఇల్లా కాదు మావా, ఇల్ల! లేదని! నా బండికి బ్రేకు లేదురా బాబూ అని మొత్తుకున్నాడు ఆడు.”

మొగుడి మనసు తేలికపడుతుందనుకుంది. పడలేదు. చెంచయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“అంటే... ఆగొద్దు, ముందుకు పొమ్మని చెయ్యి ఊపాడా?”

“ఊఁ.”

“నేను ఆగా,” అన్నాడు చెంచయ్య. “ఆడు ప్రాణాలన్నీ గొంతులో పెట్టుకుని చెప్పాడు. నేను ఆగా. వంతెన దాటేస్తే బుల్లి బతికేది గదే సీతా!”

తల మంచం కోడుకేసి కొట్టుకోబోతే ఆమె అడ్డంపడి ఆ తలను పొట్టకు అదుముకుంది. అన్నాళ్ళూ దాచుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది ఇద్దరికీ.

“నువ్వు విన్నది తప్పు. నీ పాపం అంతే,” అంది ఏడుస్తూనే. “బ్రేకు లేని లారీని రోడ్డు మీదికి తోలించినోడి పాపం ఎంత మరి? అరుగు మీద కూర్చుని పక్కా ఉన్నదన్నాడే, ఆ మాటకేం చెప్పాలి?”

అప్పుడే కట్ట వైపు నుంచి హారను మోగింది. ఇద్దరూ ఒకళ్ళ నొకళ్ళు పట్టుకుని బిగుసుకుపోయారు. సీతారావమ్మకు లోపలికి పోయి తలుపేసుకోవాలనిపించింది. అయినా లేచింది. మొగుడి మంచి చెయ్యి పట్టుకుని కళ్ళం దారి పట్టింది.

వచ్చింది ఆ లారీయే. నొక్కుకుపోయిన మూతిని సుత్తితో సరిచేసి రంగు పూశారు. కాలువ కట్ట మీదుగా వచ్చి, క్యాంపు వైపు దిగే పల్లం మొదట్లో కళ్ళం పక్కన ఆగింది. ఆగీ ఆగకముందే డ్రైవరు తిమ్మన్న కిందికి దూకి, ఒక పెద్ద గుండ్రాయిని ముందు చక్రం కిందికి కాలితో నెట్టాడు. లారీ దాని మీద ఒరిగి నిలబడింది. ఎదురుగా పల్లంలో క్యాంపు వీధి. అటూ ఇటూ పాకలు, ముంగిళ్ళలో వడియాలు పెట్టుకునే ఆడవాళ్ళు, ఆడుకునే పిల్లలు, ఎండలో మంచం వేసుకుని పడుకున్న ముసలివాళ్ళు.

బసవలింగప్ప కేబినులోనే కూర్చుని తమలపాకు నములుతున్నాడు. యలమందయ్య ఎదురెళ్ళి దణ్ణం పెట్టాడు. హమాలీలు బస్తాలు వీపుకెత్తుకుంటున్నారు.

సీతారావమ్మ తిన్నగా తిమ్మన్న దగ్గరికి నడిచింది. అతను ఆమెను చూసి తల దించుకున్నాడు.

“ఏవయ్యా, ఆ రోజు నువ్వేవని అరిచావు?”

తిమ్మన్న కేబిను వైపు చూశాడు. కళ్ళ కింద గుంటలు, చెంపల మీద చెమట.

“నేనేం అనలే అమ్మ. పక్కకు తీయమన్న, గంతే.”

“అదిగో, విన్నవా యలమందయ్యా?” అన్నాడు బసవలింగప్ప లోపల్నుంచి. “పాపం, చెల్లె పోయిన బాధల ఉన్నదామె. ఇంటికి తీస్కపోండ్రి.”

“బ్రేకు బాగుందా సావుకారూ?” అంది సీతారావమ్మ.

“పక్కా ఉన్నదమ్మ.”

“ఆ రోజూ బాగుందా?”

“ఆ రోజు గూడ ఉన్నది. ఎన్నిసార్లు చెప్పాలె చెల్లె?”

“అయితే ఈ రాయి ఎందుకు?”

ఆమె చక్రం ముందు కూలబడి రెండు చేతులా రాయిని పట్టుకుంది. రాయి కదిలిందో, ఆమె చేతులే వణికాయో ఎవరికీ తెలియదు. బసవలింగప్ప నోట్లో ఆకు అలాగే ఉండిపోయింది. ఎదర కనపడుతున్న పల్లాన్ని చూశాడు. ఒక్క కేక పెట్టాడు.

“ముట్టకు! ఏయ్! రాయి ముట్టకమ్మ! తిమ్మా, ఆమెను గుంజరా పక్కకు! బండి పోతదిరా, చస్తనురా!”

తలుపు తియ్యబోతే పంచె గేరు రాడ్డుకు చిక్కుకుంది. దాన్ని పీక్కుంటూ మళ్ళీ అరిచాడు. “నిలబడి చూస్తవేందిరా తిమ్మా? నువ్వు ఎక్కు! గేరు పట్టు!”

తిమ్మన్న ఒక అడుగు వేశాడు. ఆగిపోయాడు.

“నేను ఎక్క,” అన్నాడు. తన మాటకు తనే భయపడ్డట్టు చుట్టూ చూశాడు. మళ్ళీ అన్నాడు. “నేనిగ ఎక్క సావుకారూ. ఎన్నిసార్లు మొత్తుకున్న నీకు! పెడలు అడుగుదాక పోతుంది, బండి ఆగుతలేదంటి. కోతలు అయినంక చూద్దమంటివి. బ్రేకు లేనోడు ఏం జేస్తడు? హారను కొట్టుకుంట, అందర్ని బెదరగొట్టుకుంట పోవుడే. తిమ్మన్నకు కండ్లు నెత్తికెక్కినయని అందరు తిట్టవట్టిరి. భయంతోని కొడితి అక్కా హారను. బ్రేక్ ఇల్ల, బ్రేక్ ఇల్ల అని ఒర్లితి. భయంల నోటికి కన్నడమే వచ్చె. తెలుగుల ఒర్లింటె ఆ పిల్ల బతుకుతుండె.”

చెంచయ్య అతని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. కొట్టడానికి చెయ్యి లేవలేదు, ఓదార్చడానికీ లేవలేదు.

“వాడు తాగిండు! వాని మాట నమ్మకుండ్రి!” అని అరిచాడు బసవలింగప్ప. అరుస్తున్నాడు గాని చూపు మాత్రం ఆమె చేతుల మీదే ఉంది. “అమ్మా, నీ కాల్మొక్కుత. రాయి ఇడువు. నీకేం గావాలెనో చెప్పు!”

యలమందయ్య సర్దిచెప్పబోయి పల్లం వైపు చూశాడు. అక్కడ ఆయన ఇంటి ముంగిట్లో కోడలు వడ్లు ఆరబోస్తోంది.

సీతారావమ్మ రాయి మీద చేతులు అలాగే ఉంచి తలెత్తింది. ఆమెకూ భయంగానే ఉంది. ఆ చక్రం ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది.

“నేను తియ్యన్లే సావుకారూ,” అంది. “కింద మనుషులున్నారు. నాకు కనపడతన్నారు.”

బస్తా వీపున మోస్తూ లారీ దాకా వచ్చిన హమాలీ ఒకడు ఎక్కుబల్ల మీద కాలు పెట్టి, వెయ్యాలా వద్దా అన్నట్టు యలమందయ్య వంక చూశాడు. ఆయన తన ఇంటి వైపే చూస్తున్నాడు. హమాలీ చక్రాన్ని చూశాడు, చక్రం కింద ఆమె చేతుల్ని చూశాడు. ఎక్కుబల్ల మీది నుంచి కాలు తీసి, బస్తాను నేల మీదికి దించేశాడు.